బడి లెక్కలు చూసేవాళ్ళకు సన్మానం: ఏం చూసి ఇవ్వాలి?

హన్మకొండ_ఏఓ:
అందరికీ నమస్తే. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో చిన్నవీ మధ్యరకంవీ అయిన ప్రైవేటు బడుల అకౌంటెంట్లం, ఏఓలం (ఆఫీసు వ్యవహారాలు చూసే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్లం) కొంతమందిమి ఒక వాట్సాప్ గ్రూపులో ఉంటాం. పీఎఫ్ సైట్ మొరాయించినా, జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసు నుంచి సాయంత్రంలోపు ఏదో వివరం పంపమని మెసేజ్ వచ్చినా అందులోనే ఒకరినొకరు అడుక్కుంటాం. ఈ ఏడాది నుంచి మాలో ఒకరిని ఎంచి సన్మానం చేద్దామని అనుకున్నాం. సెప్టెంబర్ 5న టీచర్లకు శాలువా కప్పుతారు, టెన్త్ రిజల్ట్స్ వస్తే ప్రిన్సిపల్ ఫోటో ఫ్లెక్సీ ఎక్కుతుంది, యానివర్సరీ నాడు కరస్పాండెంట్ గారు స్టేజీ మీద ఉంటారు. ఆ యానివర్సరీకి టెంటు వాడితో బేరమాడి, కుర్చీలు లెక్కపెట్టి తీసుకుని, రాత్రి పదకొండింటికి బిల్లులన్నీ ఏరుకుని ఇంటికి పోయే అకౌంటెంట్ పేరు మైకులో ఎవరూ పలకరు.

ఇది వేరే చోట్ల లేనిదేమీ కాదు. అమెరికాలో ఇండిపెండెంట్ స్కూళ్ళ బిజినెస్ ఆఫీసర్లకు ఎన్‌బీఓఏ అనే జాతీయ సంఘమే ఉంది, ఆ పని బాగా చేసినవాళ్ళకు అవార్డులు కూడా ఇస్తుంది. అందులో విల్ హాన్‌కాక్ పేరు మీద ఇచ్చేది ప్రత్యేకంగా పేరు బయటికి రాకుండా పనిచేసేవాళ్ళ కోసం. మన దగ్గర అంత పెద్ద సభ అక్కర్లేదు, ఒక చిన్న హాలు చాలు.

అసలు సమస్య ఏం చూసి ఇవ్వాలన్నది. గ్రూపులో ముందుగా వచ్చిన మాట "ఫీజు వసూలు శాతం ఎవరిది ఎక్కువుంటే వాళ్ళకు" అని. నాకది అస్సలు నచ్చలేదు. పిల్లవాణ్ణి పరీక్ష రోజు బయట నిలబెట్టినా వసూలు శాతం పెరుగుతుంది. అట్లా పెంచినవాళ్ళకు మనం దండ వేయాలా? టీచర్లు, తల్లిదండ్రులు, ఆడిటర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా, మీరైతే ఏం చూస్తారు?

లెక్కల_టీచర్_నయీంనగర్:
ఏఓ సార్, నేను జీతం చూస్తాను. ఎంత ఇచ్చారని కాదు, ఏ తారీఖున ఇచ్చారు, ఇవ్వలేనప్పుడు ఏం చెప్పారు అన్నది.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 46 ఇచ్చింది, ఫీజులు పెంచొద్దు, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలనెలా తీసుకోండి అని. తల్లిదండ్రులకు అది న్యాయమే, పనులు లేని రోజులవి. కానీ బడిలోకి పైసా రావడం ఆగిపోయింది. నాకు తెలిసిన ఒక బడిలో వాట్సాప్ గ్రూపులోంచి సగం మంది టీచర్లను తీసేశారు, అంతే, అదే వాళ్ళకు ఉద్యోగం పోయిందన్న కబురు. కూరగాయలు అమ్మినవాళ్ళు, కూలికి పోయినవాళ్ళు నా తోటి టీచర్లలోనే ఉన్నారు.

మా బడిలో అప్పటి అకౌంటెంట్ మేడం చేసింది వేరు. ముందు మమ్మల్ని అందరినీ ఫోన్ కాన్ఫరెన్స్‌లో కూర్చోబెట్టి బ్యాంకులో ఎంత ఉంది, బస్సుల ఈఎంఐ ఎంత, కరెంటు బిల్లు ఎంత, మిగిలేది ఎంత అని అంకెలతో చెప్పింది. ఆ మిగిలిన దాంట్లోంచి ఆయమ్మలకు, డ్రైవర్లకు ముందు, మాకు తర్వాత. మాకు సగం జీతమే వచ్చేది, కానీ ప్రతి నెలా ఒక స్లిప్ వచ్చేది, దాని మీద "ఈ నెల ఇచ్చినది ఇంత, బడి మీకు బాకీ ఇంత, మొత్తం బాకీ ఇంత" అని మూడు లైన్లు, కింద మేడం సంతకం, కరస్పాండెంట్ సంతకం. ఆ స్లిప్పులు నేను బీరువాలో దాచుకున్నాను. 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు బడుల సిబ్బందికి ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామన్నప్పుడు ఆధార్లు, బ్యాంకు ఖాతాలు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తీసుకుని వివరాలు పంపింది కూడా ఆ మేడమే, ఆయమ్మల పేర్లతో సహా. బడులు మళ్ళీ గాడిలో పడ్డాక ఆ బాకీ విడతలుగా మొత్తం తీర్చారు. కరస్పాండెంట్ సార్ మంచివాడే, కాదనను. కానీ ఆ బాకీ కాగితం మీద లేకపోతే ఎంత మంచివాడికైనా మర్చిపోవడం సులువు.

పరకాల_రైతు:
టీచర్ గారు జీతం గురించి చెప్పారు, నేను ఫీజు కట్టేవాడి తరఫున చెప్తా. మాది పత్తి, కొంచెం మిర్చి. పైసలు చేతికి వచ్చేది పత్తి ఏరి ఎనుమాముల మార్కెట్‌కు తోలినంకనే, అంటే దసరా దాటాలి, దీపావళి దాటాలి, ఒక్కోసారి సంక్రాంతి దాకా. బడి వాళ్ళు జూన్‌లో ఒక టర్మ్, సెప్టెంబర్‌లో ఒక టర్మ్ అంటారు. జూన్ అంటే మాకు విత్తనాలు, ఎరువులు, కైకిళ్ళు, అన్నీ ఒక్కసారే మీద పడే నెల.

మా పాప చదివే బడిలో ఫీజులు చూసే సార్ అడ్మిషన్ అప్పుడే అడిగాడు, మీ పంట ఏంది, ఎప్పుడు అమ్ముతరు అని. మొదట నాకు అర్థం కాలే ఎందుకు అడుగుతుండో. ఆయన దగ్గర ఒక రిజిస్టర్ ఉంది, అందులో పత్తి వాళ్ళు, వరి వాళ్ళు, నెల జీతం వాళ్ళు, ఆటో తోలేవాళ్ళు అని వేరేవేరుగా రాసుకున్నాడు. మాకు జూన్‌లో పుస్తకాల పైసలు, కొంత ఫీజు, మిగతాదంతా జనవరిలో. వరి వాళ్ళకు కోతల తర్వాత వడ్ల పైసలు బ్యాంకుల పడ్డప్పుడు. ఇన్నేళ్ళలో ఒక్కనాడు కూడా మా పాప చేతికి ఫీజు చిట్టీ ఇచ్చి పంపలేదు, ఫోన్ నాకే చేస్తాడు. అంతకుముందు వేరే బడిలో ప్రేయర్ అయినంక పేర్లు చదివి నిలబెట్టేవాళ్ళు, ఆ అవమానం తట్టుకోలేకనే పాపను అక్కడినుంచి తీసేసిన.

ఇసొంటి సార్‌కు ఇయ్యుండ్రి సన్మానం. నేనొచ్చి దండ వేస్త.

సుబేదారి_ఆడిటర్:
చాలా బడుల ఖాతాలు చూస్తాను కాబట్టి నా వైపు నుంచి కొంచెం వివరంగా రాస్తా, ఓపికగా చదవండి.

1994 జనవరి 1 నాటి జీవో 1 అని ఒకటుంది, ప్రైవేటు బడుల నిర్వహణకు ఇప్పటికీ మూలం అదే. వసూలైన ఫీజులో సగం సిబ్బంది జీతాలకు పోవాలి, 15 శాతం బడి నిర్వహణకు, 15 శాతం అభివృద్ధికి, ఇంకో 15 శాతం సిబ్బంది పీఎఫ్, గ్రాట్యుటీ (ఏళ్ళ తరబడి పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం), బీమా లాంటి వాటికి. యాజమాన్యం ఆదాయం కింద మిగిలేది 5 శాతం. దాన్ని అక్షరాలా పాటించే బడులు ఎన్ని అని నన్ను అడగకండి, కానీ ఆ లెక్క వేసి ఏడాదికోసారి కరస్పాండెంట్ ముందు పెట్టే అకౌంటెంట్ ఉన్నాడంటే నేను లేచి నిలబడతాను.

రెండో సంగతి. బడి సొసైటీ పేరు మీదో ట్రస్టు పేరు మీదో ఉంటుంది, ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు కావాలంటే వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ పనికే ఖర్చు పెట్టాలి, ఆడిట్ చేయించి రిపోర్టు టైముకు వేయాలి. 2022 అక్టోబర్‌లో న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు చాలా గట్టిగా చెప్పింది. అప్పటి ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలోని సెక్షన్ 10(23సీ) కింద మినహాయింపు అడిగే సంస్థ కేవలం విద్య కోసమే ఉండాలి, విద్యతో పాటు ఇంకో వ్యాపారం కూడా ఉద్దేశంగా పెట్టుకుంటే కుదరదని. ఆ కేసు మన ఉమ్మడి రాష్ట్రం హైకోర్టు నుంచే అక్కడికి పోయింది. సర్‌ప్లస్ ఉండకూడదని ఎవరూ అనడం లేదు, 2002లో టీఎంఏ పాయ్ కేసులోనే న్యాయమైన మిగులు ఉండొచ్చు, లాభాపేక్ష ఉండకూడదు అని తేల్చారు. ఆ మిగులు మళ్ళీ బడికే పోవాలి.

ఇక్కడే మనిషి ఎట్లాంటివాడో తెలుస్తుంది. "ప్లాటు అడ్వాన్సుకు రెండు లక్షలు తీయి, వచ్చే నెల వేసేస్తా" అని ఓనర్ అంటే, "సార్, ఇది సొసైటీ డబ్బు, మీకు అప్పుగా కూడా రాయలేను, మినహాయింపే పోతుంది" అని ముఖం మీద చెప్పగలగాలి. నెలకు పద్దెనిమిది వేలు జీతం తీసుకునే మనిషి, ఆ జీతం ఇచ్చే మనిషికి ఆ మాట చెప్పడమంటే మామూలు ధైర్యం కాదు. నాయకత్వం అంటే నాకు అదే.

ఇంకోటి, నేను ఏ బడికి పోయినా ముందు కంప్యూటర్‌లో లెక్కలు రాసే ట్యాలీ తెరవను, రసీదు పుస్తకం అడుగుతాను. నంబర్లు వరుసగా ఉన్నాయా, రద్దు చేసిన రసీదు ఒరిజినల్ కూడా పుస్తకంలోనే పిన్ చేసి ఉందా, పక్కన ఎందుకు రద్దయిందో రాసి ఉందా. ఆ తర్వాత, ఆ రోజు వచ్చిన నగదు మర్నాడు బ్యాంకులో పడిందా లేదా నేరుగా డీజిల్‌కు పోయిందా. ఈ రెండూ సరిగ్గా ఉంటే మిగతా ఆడిట్ నాకు సగం పని.

నర్సంపేట_కరస్పాండెంట్:
అందరూ బాగా రాస్తున్నారు కానీ నడిపేవాడి బాధ కూడా ఒకసారి వినండి. మాది బడ్జెట్ స్కూల్. పరకాల అన్న చెప్పినట్టు జనవరి దాకా ఆగుదాం, ఆగుతున్నాం కూడా. మరి జూన్ నుంచి డిసెంబర్ దాకా టీచర్ల జీతం ఎక్కడినుంచి తేవాలి? నేను ఇంటామె బంగారం పెట్టి జీతాలు ఇచ్చిన నెలలున్నాయి. జూన్ రాకముందే బస్సులకు ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, టైర్లు, అన్నీ ఎండాకాలంలోనే, అప్పుడు ఒక్క రూపాయి రాదు. పిల్లలు గురుకులాలకు పోతుంటే ఏటా స్ట్రెంత్ తగ్గుతోంది. వసూలు శాతం చూడొద్దు అని ఏఓ గారు అంటే నేను ఒప్పుకోను. ఫీజు రాకపోతే టీచర్ గారు అడిగే ఒకటో తారీఖు జీతం ఎట్లా పడుతుంది?

ఇంకో మాట. మా బడిలో అకౌంటెంట్, అడ్మిషన్లు, బస్సుల ఇన్‌ఛార్జి, బ్యాంకు పని, అన్నీ ఒక్క మనిషే. పెద్ద కార్పొరేట్ బడుల్లో ప్రతి దానికీ ఒక డిపార్ట్‌మెంట్ ఉంటుంది. ఇద్దరినీ ఒకే తక్కెడలో పెడితే మావాడికి ఎప్పటికీ రాదు.

హన్మకొండ_ఏఓ:
సార్, మీరు చెప్పిన రెండోది వంద శాతం నిజం, పెద్ద బడులను అసలు పిలవడం లేదు. వసూలు గురించి కూడా మీ మాటలో న్యాయం ఉంది. అయితే ఒక్క శాతం చూస్తే ఏమీ తెలియదు. జూన్‌లో ఫీజు బాకీ ఉన్న పిల్లల్లో మార్చి నాటికి ఎంతమంది అదే బడిలో ఉన్నారు, ఆ బాకీలో ఎంత వచ్చింది, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. పిల్లలు మిగిలి, ఫీజు కూడా వచ్చిందంటే ఆ మనిషికి పని తెలుసు. ఫీజు వచ్చి పిల్లలు వెళ్ళిపోయారంటే అది భయపెట్టి తెచ్చిన డబ్బు.

జీతాల విషయంలో మా బడిలో చేసే పని చెప్తా, మీకు పనికొస్తుందేమో. సంక్రాంతికి, ఆ తర్వాత రెండు నెలల్లో ఎక్కువ డబ్బు వస్తుంది కదా, అందులోంచి ఏప్రిల్, మే, జూన్ జీతాలకు సరిపడా వేరే ఖాతాలో పెట్టేస్తాం. దాని చెక్కుబుక్కు కరస్పాండెంట్ దగ్గర ఉండదు, నా దగ్గరా ఉండదు, సొసైటీ ట్రెజరర్ దగ్గర ఉంటుంది. మా ఇద్దరికీ టెంప్టేషన్ లేకుండా.

కరీంనగర్_క్యాషియర్:
వరంగల్ వాళ్ళ చర్చలోకి కరీంనగర్ నుంచి వస్తున్నా, ఏమనుకోకండి అన్నలు, అక్కలు. పీఎఫ్, గ్రాట్యుటీ గురించి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నా.

ఇరవై మంది సిబ్బంది ఉంటే పీఎఫ్ తప్పదు, ఉద్యోగి వాటా 12 శాతం, బడి వాటా 12 శాతం, వచ్చే నెల 15లోపు చలానా కట్టాలి. జీతంలోంచి కోసి, ప్రభుత్వానికి కట్టకుండా వాడుకునే బడులు ఉన్నాయి. ఆ టీచర్‌కు పెళ్ళి ఖర్చులకు అడ్వాన్సు కావాలని సైట్ తెరిచి చూసుకుంటే ఏడు నెలల నుంచి ఏమీ పడలేదు, అప్పుడు తెలుస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, బడి రికార్డులో ఇంకో రకంగా ఉంటే క్లెయిమ్ రిజెక్ట్ అవుతుంది. మంచి క్యాషియర్ జాయినింగ్ రోజే ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూస్తాడు.

గ్రాట్యుటీ అయితే ఇంకా అన్యాయం. టీచర్లకు వర్తించదు అని ఏళ్ళ తరబడి చెప్పారు. 2009లో చట్టం సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచి టీచర్లకు కూడా వర్తింపజేశారు, దాన్ని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇక మాట్లాడటానికి ఏమీ లేదు. మా దగ్గర ఒక ఆయమ్మ 14 ఏళ్ళు చేసి మానేసింది, చివరి జీతం 9,000. ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలకు ఇరవై ఆరు పనిరోజులు అన్నది లెక్క. తొమ్మిది వేలను పదిహేనుతో గుణించి, ఇరవై ఆరుతో భాగించి, మళ్ళీ 14తో గుణిస్తే 72,692 రూపాయలు. ఆమెకు అంత వస్తుందనే తెలియదు, అడగలేదు కూడా. మా ఏఓ సార్ ఏటా కొంత పక్కన పెట్టించి ఉంచాడు కాబట్టి ఎవరినీ బతిమాలకుండా చెక్కు రాయించి ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాడు. అడగని మనిషికి కూడా రావాల్సింది ఇచ్చారా లేదా, ఇది మీ ఫారంలో ఉండాలి.

వరంగల్_చౌరస్తా:
ఒకే ఒక్క విన్నపం. దయచేసి నామినేషన్ ఫీజు పెట్టొద్దు. ప్రతి ఏడాదీ ఎవరో ఫోన్ చేస్తారు, మీ బడి అవార్డుకు ఎంపికైంది, హోటల్లో ఫంక్షన్, ఇన్ని వేలు కట్టండి అని. డబ్బు కట్టి తెచ్చుకున్న మెమెంటోలు ఆఫీసు గదుల్లో వరుసగా ఉంటాయి, అవి చూసి అడ్మిషన్ తీసుకునే తల్లిదండ్రులు ఉన్నారు. అలాగే పుస్తకాలు, యూనిఫాం సప్లై చేసేవాళ్ళ దగ్గర, స్కూల్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళ దగ్గర స్పాన్సర్‌షిప్ తీసుకోవద్దు. కమీషన్ వద్దని చెప్పిన అకౌంటెంట్‌ను సన్మానిస్తూ వెనక బ్యానర్ మీద ఆ సప్లయర్ పేరే ఉంటే ఏం బాగుంటుంది?

భీమారం_పేరెంట్:
2023 జులై వానలు అందరికీ గుర్తుండే ఉంటాయి, హన్మకొండ, వరంగల్ కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చిన రోజులు. మా పిల్లల బడిలో గ్రౌండ్ ఫ్లోర్ ఆఫీసు మొత్తం మునిగింది. వాళ్ళ మేనేజర్ దగ్గర కంప్యూటర్ల, ఫర్నిచర్ బిల్లుల ఫోటోలన్నీ మెయిల్‌లో ఉన్నాయి, ఇన్సూరెన్స్ కూడా రెన్యువల్ అయి ఉంది. ఎవరు ఎంత ఫీజు కట్టారన్న వివరం ఒక్కటి కూడా పోలేదు, కట్టిన ఫీజు మళ్ళీ కట్టమని ఎవరినీ అడగలేదు. ఇది కూడా చూడండి.

లెక్కల_టీచర్_నయీంనగర్:
ఎవరు ఎంపిక చేస్తారన్నది ఇంకా తేలలేదు. కరస్పాండెంట్లు మాత్రమే పేరు పంపాలంటే, ఆడిటర్ గారు చెప్పినట్టు ఓనర్‌కు కాదని చెప్పిన మనిషి పేరు ఎప్పటికీ రాదు. ఆ బడి టీచర్లు, ఆయమ్మలు, డ్రైవర్లు కూడా పేరు పంపేలా ఉండాలి, పంపినవాళ్ళ పేరు బయటికి రాకూడదు.

సుబేదారి_ఆడిటర్:
టీచర్ గారి మాటే నాదీ. పుస్తకాలన్నీ తెచ్చి చూపమంటే ఏ బడీ ఒప్పుకోదు, అవసరం కూడా లేదు. పన్నెండు నెలల పీఎఫ్ చలాన్ల మీద తారీఖులు, జీతాలు పడిన బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పేర్లు కొట్టేసిన పేజీలు, ఆడిట్ రిపోర్టు గడువులోపు వేసినట్టు అక్నాలెడ్జ్‌మెంట్. ఈ మూడు చాలు. నేను ఖాతాలు చూసే బడులు పోటీలో ఉంటే నేను కమిటీలో కూర్చోను, ముందే చెప్తున్నా.

హన్మకొండ_ఏఓ:
రాత్రి మా గ్రూపులో ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఒప్పుకున్నవి రాస్తున్నా. వసూలు శాతం ఒక్కటే చూడటం తీసేశాం, బాకీ ఉన్న పిల్లలు ఎంతమంది మిగిలారన్నది దాని పక్కన వచ్చింది. ఆడిటర్ గారు చెప్పిన మూడు కాగితాలు అడుగుతాం. గ్రాట్యుటీకి డబ్బు పక్కన పెట్టారా అన్నది కరీంనగర్ చెల్లె చెప్పినట్టు చేర్చాం. పేరు ఎవరైనా పంపొచ్చు. ఫీజు లేదు, స్పాన్సర్ లేడు, ఖర్చు మేమే వేసుకుంటాం. ఆడిట్లు సెప్టెంబర్ చివరికి అయిపోతాయి కాబట్టి దసరా సెలవులయ్యాక పెడదాం. కమిటీలో ఒక టీచర్, ఒక పేరెంట్ తప్పనిసరిగా ఉంటారు, పరకాల అన్నా, మీరు రావాలి. కుటుంబాన్ని కూడా పిలుస్తాం, ఎందుకంటే మార్చిలో, జూన్‌లో ఈ మనిషి ఇంట్లో కనిపించని రోజులు వాళ్ళకే తెలుసు.

పరకాల_రైతు:
వస్త అన్నా. పత్తి ఏరే రోజులు కాకుండా ఆదివారం పెట్టుండ్రి.

నర్సంపేట_కరస్పాండెంట్:
ఏఓ గారు, వేరే ఖాతా సంగతి మా ట్రెజరర్‌తో మాట్లాడాను, ఈ సంక్రాంతి నుంచి మొదలుపెడతాం. చలాన్లు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు, మావాడి పేరు నేనే పంపుతున్నా. ఫారంలో బస్సుల గురించి ఒక ప్రశ్న పెట్టండి, డీజిల్ రిజిస్టర్‌లో కిలోమీటర్లు రోజూ రాస్తున్నారా అని. మావాడు అది రాయించడం మొదలుపెట్టాక మాకు నెలకు ఎంత మిగులుతోందో నాకు తెలుసు, ఆ డబ్బుతోనే ఇద్దరు డ్రైవర్లకు జీతం పెంచాం.